తాగని మందు, పూయకూడని మందు

నలభై దాటిన మగవాడి ముక్కూ బుగ్గలూ కందిపోయి కనిపిస్తే మన దగ్గర ముందుగా వచ్చే మాట ఒకటే: "ఏం బావా, రాత్రి గట్టిగానే వేసినట్టున్నావ్!" చుక్క ముట్టని మనిషికైనా ఈ ఎకసెక్కం తప్పదు. ఆయన కూడా నవ్వేసి ఊరుకుంటాడు. ఎండకు తిరిగాను కదా అనుకుంటాడు, వేడి చేసిందనుకుని రెండు గ్లాసుల మజ్జిగ తాగుతాడు. కొన్ని నెలలకు ముక్కు పక్కన ఎర్రటి గుల్లలు లేస్తాయి. ఈ వయసులో మొటిమలేంటని విసుక్కుంటూ మెడికల్ షాపుకు వెళ్ళి ఏదో ఒక ట్యూబు తెచ్చుకుంటాడు. చాలామంది విషయంలో కథ అడ్డం తిరిగేది అక్కడే.

ఇలా ముఖం కందిపోవడానికి కారణమయ్యే జబ్బుల్లో ఒకటి రోజేషియా. ఇది అంటుకోదు, ప్రాణం మీదికీ రాదు. అలాగని ఒక కోర్సు మందుతో తుడిచిపెట్టుకుపోయేదీ కాదు. తగ్గినట్టే తగ్గి తిరగబెడుతుంది. బీపీలాగే దీన్నీ అదుపులో పెట్టుకోవాలి. ముఖం నడిమి భాగం, అంటే ముక్కు, బుగ్గలు, గడ్డం, నుదురు, దీని స్థావరం. సాధారణంగా ముప్ఫై ఏళ్ళు దాటాక మొదలవుతుంది. పలు దేశాల్లో జరిగిన అధ్యయనాలన్నింటినీ కలిపి 2018లో వేసిన లెక్క ప్రకారం పెద్దవాళ్ళలో 5 శాతానికి కాస్త పైగా దీని బారిన పడుతున్నారు. సంఖ్యలో ఆడవాళ్ళే ఎక్కువ. కానీ ముక్కు చర్మం దళసరెక్కి, గడ్డలు గడ్డలుగా పెరిగి, ఆకారమే మారిపోయే ముదిరిన దశ మాత్రం ఎక్కువగా మగవాళ్ళలోనే కనిపిస్తుంది. మగవాళ్ళు డాక్టరు దగ్గరకు ఆలస్యంగా వెళ్ళడం కూడా దీనికి కొంత కారణం.

ఆ ముక్కు ఎలా ఉంటుందో చూడాలంటే పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఒక బొమ్మ ఉంది. ఇటలీ చిత్రకారుడు డొమెనికో ఘిర్లాందాయో 1490 ప్రాంతంలో వేసినది. మనవడిని దగ్గరకు తీసుకుని చూస్తున్న తాత, ఆ తాత ముక్కు నిండా బుడిపెలు. వైద్యులు దాన్ని రైనోఫైమా అంటారు. అమెరికా బ్యాంకుల చక్రవర్తి జె.పి. మోర్గాన్‌కూ అలాంటి ముక్కే ఉండేది. తన ఫొటోల్లో దాన్ని దిద్దించాకే బయటికి వదిలేవాడు. మాజీ అధ్యక్షుడు బిల్ క్లింటన్‌కు కూడా రోజేషియా ఉందన్నది అందరికీ తెలిసిందే. దీన్ని తాగుబోతు ముక్కు అని వెక్కిరించడం పడమటి దేశాల్లోనూ ఉంది. మద్యం వల్ల ముఖం కందడం ఎక్కువవుతుంది, అది నిజమే. కానీ ముక్కు అలా పెరగడానికి మద్యం కారణం కాదు. జీవితంలో సీసా మూత తీయనివాళ్ళకూ అది వస్తుంది. ఇంట్లోవాళ్ళు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే, ఎందుకంటే ఈ నింద భయానికే కొందరు డాక్టరు గడప తొక్కరు.

చర్మం లోపల ఏం జరుగుతుంది

వేడికి, కోపానికి, సిగ్గుకు ఎవరి ముఖంలోనైనా సన్నటి రక్తనాళాలు వెడల్పవుతాయి, కాసేపటికి మామూలవుతాయి. రోజేషియా ఉన్నవాళ్ళలో చిన్న కారణానికే తెరుచుకుంటాయి, ఆలస్యంగా ముడుచుకుంటాయి. ఏళ్ళు గడిచేకొద్దీ కొన్ని అలా వెడల్పుగానే ఉండిపోతాయి. ముక్కు రెక్కల మీద సన్నటి ఎర్రగీతలుగా తేలేవి అవే.

రెండో సంగతి వాపు. క్రిముల నుంచి కాపాడుకోవడానికి మన చర్మం క్యాథలిసిడిన్ అనే ప్రొటీన్‌ను తయారుచేసుకుంటుంది. రోజేషియా ఉన్న చర్మంలో ఈ ప్రొటీన్, దాన్ని ముక్కలు చేసే ఎంజైము, రెండూ మోతాదు మించి ఉన్నాయని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌డియాగోలోని రిచర్డ్ గాలో బృందం 2007లో చూపించింది. ఆ ముక్కలే వాపు పుట్టిస్తాయి, కొత్త రక్తనాళాలు మొలిపిస్తాయి. అంటే కాపలా కాయాల్సిన వ్యవస్థే అనవసరంగా ఉలిక్కిపడి చర్మం మీద పడుతోందన్నమాట.

ఇంకొకటి కూడా ఉంది, వింటే ఒళ్ళు జలదరిస్తుంది. మన అందరి ముఖాల మీదా వెంట్రుకల కుదుళ్ళలో డెమోడెక్స్ అనే సూక్ష్మమైన జీవి కాపురముంటుంది. మిరప తోటల్లో నల్లి అంటామే, ఆ జాతిదే. పొడవు మిల్లీమీటరులో మూడో వంతు. ఇది ఉన్నంత మాత్రాన జబ్బు కాదు, ముఖం శుభ్రంగా లేదనీ కాదు. రోజేషియా ఉన్నవాళ్ళ చర్మంలో మాత్రం వీటి సంఖ్య బాగా ఎక్కువ. అవి పెరగడం వల్ల జబ్బు వచ్చిందా, జబ్బు వల్ల అవి పెరిగాయా అన్న వాదన తెగలేదు గానీ, వాటిని తగ్గించే మందు వాడితే గుల్లలు తగ్గుతున్నాయి. రోగికి కావలసింది అదే కదా. వంశపారంపర్యం పాత్ర కూడా కొంత ఉంది, తండ్రికి ఉంటే కొడుకు కాస్త కనిపెట్టుకుని ఉండటం మంచిది.

మన రంగులో అది కనపడదు

రోజేషియా తెల్లవాళ్ళ జబ్బు అని చాలాకాలం అనుకున్నారు. పుస్తకాల్లో వేసిన బొమ్మలన్నీ గులాబీ రంగు బుగ్గలవే. చామనఛాయ, నల్లటి చర్మంలో ఎరుపు ఎరుపులా కనపడదు. కాస్త ముదురు గోధుమ రంగులోనో, ఊదా కలిసిన నలుపులోనో ఉంటుంది. చూసేవాళ్ళు మంగు అనుకుంటారు, ఎండకు కమిలిందనుకుంటారు. అందుకే మన మగవాళ్ళు ఈ జబ్బును అద్దంలో చూసి పట్టుకోలేరు, ఒంటికి తెలిసేదాన్ని బట్టి పట్టుకోవాలి. ఎండలోంచి నీడకు వచ్చాక, వేడి టీ తాగాక, పదిమందిలో మాట్లాడాల్సి వచ్చినప్పుడు బుగ్గలు భగ్గుమంటున్నాయా? సబ్బు రాస్తే, షేవింగ్ తర్వాత లోషన్ పూస్తే చుర్రుమంటోందా? గుల్లలు పదే పదే ముక్కు, బుగ్గల చుట్టూనే లేస్తున్నాయా? ఈ మూడింటికీ అవునంటే చర్మవైద్యులకు ఒకసారి చూపించుకోవాలి.

ఇంట్లో చేసుకోగలిగిన చిన్న పరీక్ష ఒకటుంది. పగటి వెలుతురులో కిటికీ దగ్గర నిలబడి, పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ స్కేలును బుగ్గ మీద మెల్లగా నొక్కి చూడండి. స్కేలు కింద ఆ ముదురు రంగు పాలిపోయి, తీయగానే తిరిగి వస్తే అది రక్తనాళాల వల్ల వచ్చిన రంగు. నొక్కినా మారకుండా ఉంటే మంగులాంటి మచ్చ కావచ్చు. డాక్టర్లు ఇదే పని గాజు పలకతో చేస్తారు, డెర్మోస్కోప్ అనే భూతద్దంతో రక్తనాళాల అల్లికను చూస్తారు. రక్తపరీక్షతో రోజేషియాను నిర్ధారించలేం. చూసి, అడిగి తెలుసుకోవాల్సిందే.

అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్న తెలుగువాళ్ళకు మరో చిక్కు. అక్కడ డాక్టర్లకు ఈ జబ్బు బాగా తెలుసు, మన రంగు మీద అది ఎలా ఉంటుందో మాత్రం అందరికీ తెలియదు. బయట చలిగాలి, లోపల హీటరు, రెండూ జబ్బును రేపేవే. అక్కడివాళ్ళు డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు ముఖం బాగా కందిన రోజున తీసిన రెండు మూడు ఫొటోలు ఫోన్‌లో పెట్టుకుని వెళ్ళడం మేలు. వెళ్ళిన రోజునే ముఖం ప్రశాంతంగా ఉండటం ఈ జబ్బు స్వభావం.

పోలికలున్న జబ్బులు చాలా ఉన్నాయి. మొటిమలైతే వాటితోపాటు బ్లాక్‌హెడ్స్ ఉంటాయి, రోజేషియాలో ఉండవు. ముక్కు పక్క మడతల్లో, కనుబొమల్లో జిడ్డుగా పొట్టు రాలుతూ, తలలో చుండ్రు కూడా ఉంటే అది సెబోరిక్ డెర్మటైటిస్. రెండూ కలిసి ఉండటం కూడా మామూలే. మీసానికి రంగు వేసిన మర్నాడు పైపెదవి దురదపెట్టి వాస్తే అది హెయిర్ డై పడకపోవడం. బుగ్గల మీద ఎరుపుతోపాటు కీళ్ళనొప్పులు, నోటిపూత, జ్వరం ఉంటే లూపస్ అనుమానించాలి. మన ప్రాంతంలో ఇంకొకదాన్ని మరచిపోకూడదు. ముఖం, చెవి తమ్మెలు దళసరెక్కుతూ ఒంటి మీద స్పర్శ తెలియని మచ్చలుంటే ముందు కుష్ఠు పరీక్ష చేయించాలి. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. కుష్ఠుకు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా మందులిస్తారు, పూర్తిగా నయమవుతుంది.

ట్యూబు తిప్పి చదవండి

"తమ్ముడూ, ముఖానికి ఏదైనా మంచి క్రీమ్ ఇవ్వు." కౌంటరు అవతలి కుర్రాడు అడిగేది ఒకటే, దురదా మంటా అని. ఏదో ఒకటి చెబుతాం. చేతిలోకి చిన్న ట్యూబు వస్తుంది. రాసిన రెండు రోజుల్లో ముఖం తెల్లగా, నున్నగా, చల్లగా అయిపోతుంది. ఇంత మంచి మందు ముప్ఫై నలభై రూపాయలకే దొరికిందని సంబరపడతాం.

ఆ ట్యూబు వెనక సన్న అక్షరాల్లో మందు పేరు ఉంటుంది. బెటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్, బెక్లోమెథసోన్. ఇవన్నీ స్టెరాయిడ్లే. తామరకని అమ్మే క్రీముల్లోనూ ఫంగస్ మందుతోపాటు ఇవి కలిసి ఉంటాయి, తెల్లబడటానికని అమ్మే వాటిలోనూ ఉంటాయి. డాక్టరు చెప్పిన జబ్బుకు, చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు వాడితే స్టెరాయిడ్ మంచి మందే. ముఖం మీద నెలల తరబడి వాడితే చర్మం పలచబడుతుంది, రక్తనాళాలు తేలుతాయి, గుల్లలు లేస్తాయి. రోజేషియా లేనివాడికి అచ్చం రోజేషియా లాంటిదే తెచ్చిపెడుతుంది, ఉన్నవాడికి ముదరబెడుతుంది. మానేద్దామని ఆపగానే నాలుగైదు రోజుల్లో ముఖం మంటలు మండుతూ వాచిపోతుంది. భయపడి మళ్ళీ అదే రాస్తాడు, చల్లబడుతుంది. ఇదొక వ్యసనం. మన దేశంలో ఇలాంటి కేసులు ఎంత పెరిగిపోయాయంటే భారతీయ చర్మవైద్యులు దీనికి 'టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్' అని విడిగా ఓ పేరే పెట్టారు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన తెచ్చింది. అది ఎంతవరకు అమలవుతోందో మీ వీధి చివర షాపులో చూస్తే తెలిసిపోతుంది.

ఇప్పటికే అలాంటి ట్యూబు వాడుతున్నవాళ్ళు సిగ్గుపడకుండా దాన్ని జేబులో వేసుకుని డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాలి. ఎన్ని నెలలు వాడారో దాచకుండా చెప్పాలి. ఒక్కసారిగా ఆపించాలా, తక్కువ బలమున్న దానికి మార్చి మెల్లగా తగ్గించాలా అన్నది ఆయన నిర్ణయిస్తారు, మధ్యలో వచ్చే మంటకు మందులిస్తారు. చర్మం కుదుటపడటానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో ముఖం ముందుకంటే అధ్వానంగా కనిపించే రోజులుంటాయని ఇంట్లో ముందే చెప్పి ఉంచడం మంచిది.

కారమా, వేడా?

రోజేషియా అనగానే డాక్టరు ఓ పెద్ద జాబితా చదువుతారు. ఎండ, వేడి, వేడి పానీయాలు, కారం, మద్యం, కోపతాపాలు, ఒళ్ళు వేడెక్కే వ్యాయామం. తెలుగువాడికి ఈ జాబితా వింటే బతుకంతా నిషేధించినట్టే ఉంటుంది. కాస్త విడదీసి చూద్దాం.

నాలుక నుంచి, చర్మం నుంచి మెదడుకు సమాచారం చేరవేసే నరాల చివర్లలో టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం ఉంటుంది. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలితే అది తెరుచుకుంటుంది. మిరపకాయలోని క్యాప్సైసిన్ తగిలినా అదే తెరుచుకుంటుంది. కాలింగ్ బెల్ ఒక్కటే, నొక్కేవాళ్ళు ఇద్దరు. లోపలున్న మెదడుకు ఎవరు నొక్కారో తెలియదు, అందుకే కారం తింటే నోరు 'కాలుతుంది'. దీన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి పంచుకునే గౌరవం దక్కింది. రోజేషియా ఉన్నవాళ్ళ చర్మంలో ఈ గ్రాహకాలు ఎక్కువగా ఉన్నట్టు పరిశోధకులు గమనించారు. గుంటూరు మిరపకాయా, రోహిణి కార్తె ఎండా ముఖాన్ని ఒకేలా కందించడం వెనక సంగతి ఇది.

టీ కాఫీల విషయంలో మాత్రం ఓ ఊరట ఉంది. 1981లో అమెరికా చర్మవైద్యుడు జోనథన్ విల్కిన్ రోజేషియా ఉన్నవాళ్ళకు వేడి కాఫీ, చల్లారిన కాఫీ, ఉత్త వేడినీళ్ళు, కెఫీన్ ఇచ్చి చూశాడు. 60 డిగ్రీల కాఫీకీ ముఖం కందింది, 60 డిగ్రీల నీళ్ళకూ కందింది. చల్లారిన కాఫీకి, కెఫీన్‌కు ఏమీ కాలేదు. నేరం కాఫీది కాదు, వేడిది. 2018లో అమెరికా నర్సులపై జరిపిన పెద్ద అధ్యయనంలో కాఫీ ఎక్కువ తాగేవాళ్ళలో రోజేషియా తక్కువగా కనిపించింది కూడా. అది ఆడవాళ్ళ మీద చేసినదే అయినా, మగవాళ్ళ కాఫీ మాన్పించడానికి ఆధారమంటూ ఏదీ లేదు. ఇరానీ హోటల్లో సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ తాగే పెద్దాయన తెలియకుండానే సరైన పని చేస్తున్నాడు.

అన్నం విషయంలోనూ నా సలహా ఇదే. పొగలు కక్కే అన్నంలో ఆవకాయ కలిపితే వేడి, కారం రెండూ ఒకేసారి పడతాయి. ముందు వేడి తగ్గించి చూడండి. అన్నం కాస్త చల్లారాక తింటే ముఖం ఊరుకుంటోందా? ఊరుకుంటే ఆవకాయ జోలికి వెళ్ళక్కర్లేదు. అప్పటికీ కందుతుంటే కారం తగ్గించే ఆలోచన చేయొచ్చు. జాబితాలో ఉన్నవన్నీ అందరికీ పడవని లేదు. రెండు మూడు వారాలు ఓ చిన్న నోటుపుస్తకంలో ఏ పూట ముఖం కందింది, అంతకు గంట ముందు ఏం తిన్నాం, ఎక్కడున్నాం అని రాసుకుంటే ఎవరి శత్రువు ఎవరో తేలిపోతుంది. మద్యం తాగేవాళ్ళు మాత్రం ఈ లెక్క నిజాయితీగా రాసుకోవాలి.

ఎండ దాదాపు అందరికీ శత్రువే. లారీ, ఆటో, క్యాబ్ నడిపేవాళ్ళకు మన దేశంలో కుడి బుగ్గ ఎక్కువ దెబ్బతింటుంది, అమెరికాలో నడిపేవాడికి ఎడమ బుగ్గ. కిటికీ అద్దం ఎక్కించినంత మాత్రాన సరిపోదు, అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం మామూలు అద్దంలోంచి వచ్చేస్తుంది. పొయ్యి ముందు నిలబడే వంటమాస్టర్లకు, వెల్డింగ్, బట్టీ పనివాళ్ళకు ఉద్యోగం మానమని చెప్పలేం. గంటకోసారి పొయ్యికి దూరంగా వచ్చి, చల్లటి తడిగుడ్డ మెడ మీద వేసుకోవడం, చల్లటి నీళ్ళు గుక్క గుక్కగా తాగడం కొంత పనిచేస్తుంది. మంచుముక్కలు నేరుగా ముఖానికి రుద్దకూడదు.

మందుల పెట్టెనూ ఒకసారి చూసుకోవాలి. యాభై దాటినవాళ్ళు వాడే కొన్ని బీపీ మాత్రలు, కొలెస్ట్రాల్‌కు ఇచ్చే నియాసిన్, సిల్డెనాఫిల్ జాతి మాత్రలు రక్తనాళాలను వెడల్పు చేస్తాయి. సొంతంగా ఆపేయొద్దు. మార్చే వీలుందేమో రాసిన డాక్టరునే అడగాలి.

ఆదివారం సెలూన్‌లో

మగవాడి ముఖానికి ప్రత్యేకంగా జరిగే అపచారం ఆదివారం పొద్దున కుర్చీలో కూర్చున్నప్పుడు జరుగుతుంది. వరుసగా చూడండి. సువాసన దట్టించిన ఫోమ్‌ను బ్రష్షుతో గుండ్రంగా రుద్దుతారు. బ్లేడు ఒకసారి కిందికి, నున్నగా రావాలని రెండోసారి పైకి. తర్వాత తడిపిన పటిక ముక్కతో ముఖమంతా రుద్దడం. చర్మం బిగుసుకుంటుంది, మండుతుంది. ఆ మంట మీద ఆల్కహాల్, మెంథాల్ ఉన్న లోషన్ చేతుల్లో పోసుకుని రెండు బుగ్గల మీదా చరుస్తారు. "మసాజ్ చేయమంటారా సార్?" అంటే తల ఊపుతాం. గరుకు స్క్రబ్బు, ఆవిరి, బ్లీచ్. చివర్లో మీసానికి నల్లరంగు. రోజేషియా ఉన్న చర్మానికి ఇందులో ఒక్కటీ పడదు.

ఇంట్లో గీసుకోవడం మేలు. స్నానం చివర్లో గోరువెచ్చటి నీళ్ళతో గడ్డం మెత్తబడ్డాక, వాసన లేని షేవింగ్ క్రీమ్ చేత్తోనే రాసి, పదునైన బ్లేడుతో వెంట్రుక పెరిగిన వైపే ఒక్కసారి గీసి వదిలేయాలి. బ్లేడు పడనివాళ్ళకు ఎలక్ట్రిక్ ట్రిమ్మరు ఇంకా మంచిది. తర్వాత పటిక, లోషన్ రెండింటికీ సెలవు చెప్పి, వాసన లేని మాయిశ్చరైజర్ పల్చగా రాసుకుంటే చాలు. సెలూన్‌కు వెళ్ళక తప్పదనుకుంటే కుర్చీలో కూర్చోగానే "అన్నా, పటిక వద్దు, లోషన్ వద్దు, ఒక్కసారే గీయి" అని చెప్పేయండి. గడ్డం పెంచేస్తే గొడవ వదులుతుందనుకుంటారు కొందరు. పెంచుకోవచ్చు గానీ, కింద జబ్బు ఎంత ముదిరిందో కనపడదు, పూతమందు చర్మానికి సరిగా అందదు.

రోజూ చేయాల్సింది ఇంతే: సబ్బు ముక్కకు బదులు నురగ తక్కువగా వచ్చే మైల్డ్ క్లెన్సర్, మాయిశ్చరైజర్, పగలు ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్. జింక్ ఆక్సైడ్ ఉన్నవి తక్కువ మండుతాయి. అవి మన రంగు మీద సున్నం పూసినట్టు తెల్లగా కనిపిస్తాయని మగవాళ్ళు మానేస్తారు. చర్మం రంగు కలిపినవి దొరుకుతున్నాయి, అవి వాడొచ్చు. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికి, మెడకు సరిపడా అవుతుంది.

మందులు

ఒకే మందు అన్ని లక్షణాలకూ పనిచేయదు. ఈ ముక్క తెలియక చాలామంది నిరుత్సాహపడతారు. గుల్లలను తగ్గించే మందు తేలిన రక్తనాళాలను చెరపలేదు, రక్తనాళాలను కాల్చే లేజరు గుల్లలకు పెద్దగా పనికిరాదు.

గుల్లలకు పూతమందులు మూడు ప్రధానం. మెట్రోనిడజోల్ పాతది, నమ్మకమైనది. 15 శాతం అజెలాయిక్ యాసిడ్ మొదట్లో కాస్త చురుక్కుమంటుంది గానీ గుల్లలు మానాక మిగిలే నల్లమచ్చలను కూడా తగ్గిస్తుంది కాబట్టి మన చర్మానికి కలిసొస్తుంది. మూడోది 1 శాతం ఐవర్‌మెక్టిన్ క్రీమ్, ఇందాక చెప్పుకున్న నల్లి మీద, వాపు మీద పనిచేస్తుంది. 16 వారాల పోటీ పరీక్షలో మెట్రోనిడజోల్‌ కంటే ఇదే మెరుగని తేలింది. గొర్రెలకూ మేకలకూ వేసే మందు ఇదే కదా అని పశువుల మందు ముఖానికి పూసుకునే సాహసం చేయొద్దు. మందు పేరు ఒకటే అయినా తయారీ, మోతాదు వేరు.

గుల్లలు ఎక్కువైతే డాక్సీసైక్లిన్ మాత్రలు. ఇది యాంటీబయాటిక్కే అయినా, మెల్లగా విడుదలయ్యే 40 మిల్లీగ్రాముల రూపంలో క్రిములను చంపేంత బలం దానికి ఉండదు. క్యాథలిసిడిన్‌ను ముక్కలు చేసే ప్రక్రియను అణచి వాపు తగ్గిస్తుంది. కొందరు డాక్టర్లు 100 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. మాత్రను గ్లాసు నిండా నీళ్ళతో, కూర్చుని వేసుకోవాలి. వేసుకుని వెంటనే పడుకుంటే అన్నవాహికలో అతుక్కుని పుండు చేస్తుంది. పాలు, ఐరన్ మాత్రలు, గ్యాస్ మందులతో కలిపి వేసుకోకూడదు. ఎండ కూడా ఎక్కువ తగలనీయొద్దు. ఈ వరుసలో కొత్తగా వచ్చినది 40 మిల్లీగ్రాముల మినోసైక్లిన్ క్యాప్సూల్. దీని తయారీలో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ పాలు పంచుకుంది. 2024 నవంబరులో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి దొరికింది. వీటికి లొంగని కేసుల్లో తక్కువ మోతాదు ఐసోట్రెటినాయిన్ ఇస్తారు. అది వాడుతున్నంత కాలం, ఆపాక ఓ నెల వరకు రక్తదానం చేయకూడదు. లివర్, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకోవాలి.

ఏ మందైనా 8 నుంచి 12 వారాలకు గానీ ఫలితం చూపదు. పదిహేను రోజులకే డాక్టర్లను మార్చేవాళ్ళు ప్రతిచోటా మొదటి వారంలోనే ఉండిపోతారు. తగ్గాక కూడా పూతమందును కొనసాగించమంటారు, లేకపోతే తిరగబెడుతుంది.

ఎరుపును కొన్ని గంటలు మాయం చేసే బ్రైమోనిడిన్, ఆక్సీమెటజోలిన్ పూతలున్నాయి. రక్తనాళాలను బిగిస్తాయి, ప్రభావం దిగాక కొందరిలో ముందుకంటే ఎక్కువగా కందుతుంది. పెళ్ళికో ఇంటర్వ్యూకో పనికొస్తాయి, అదీ ముందు ఒక సెలవురోజున వేసి చూసుకున్నాక. తేలిన రక్తనాళాలకు లేజరు మంచి మార్గం, అయితే నల్లటి చర్మంలోని రంగు కూడా లేజరును పీల్చుకుంటుంది. తెల్లవాళ్ళకు పెట్టిన మోతాదు పెడితే చర్మం కాలి మచ్చ పడుతుంది. మన రంగు మీద ఎక్కువగా లేజరు చేసిన అనుభవం ఉన్న డాక్టరునే ఎంచుకోవాలి, ముందు చెవి పక్కన చిన్న చోట పరీక్షించి చూడమని అడగాలి. బ్యూటీ పార్లర్ ప్యాకేజీలో ఉచితంగా వచ్చే లేజరు జోలికి పోవద్దు.

ముక్కు దళసరెక్కడం మొదలైన కొత్తలో ఐసోట్రెటినాయిన్ ఆ పెరుగుదలను నెమ్మదింపజేస్తుంది. గడ్డకట్టి గట్టిపడ్డాక మాత్రలకు లొంగదు. అప్పుడు కత్తితోనో, కార్బన్ డయాక్సైడ్ లేజరుతోనో, విద్యుత్ పరికరంతోనో పెరిగిన కండను పొరలు పొరలుగా చెక్కుతారు. వినడానికి భయంగా ఉన్నా లోతుగా ఉండే నూనె గ్రంథుల నుంచి కొత్త చర్మం కొన్ని వారాల్లో కమ్ముకుంటుంది, కుట్లు అవసరం రాదు. తీసిన కండను ల్యాబుకు పంపమని అడగాలి. అప్పుడప్పుడు ఆ బుడిపెల మాటున చర్మ క్యాన్సరు దాగి ఉంటుంది.

కళ్ళు కూడా

చర్మం గురించి ఇంత చెప్పుకున్నాక కంటి సంగతి చాలామందికి కొత్తగా ఉంటుంది. రోజేషియా ఉన్నవాళ్ళలో చాలామందికి కళ్ళూ ఇబ్బంది పడతాయి, కొందరిలో ముఖం కంటే ముందే. ఇసుక పడ్డట్టు గరగర, పొద్దున్నే రెప్పలు అతుక్కోవడం, రెప్పల అంచులు ఎర్రబడటం, మాటిమాటికీ కనుకురుపులు. కంప్యూటరు ముందు కూర్చునేవాళ్ళు దీన్ని స్క్రీన్ మీదికి నెట్టేస్తారు. రెప్పల అంచున ఉండే నూనె గ్రంథులు మూసుకుపోవడమే దీనికి మూలం. శుభ్రమైన గుడ్డను గోరువెచ్చటి నీళ్ళలో ముంచి పిండి, మూసిన కళ్ళ మీద అయిదు నుంచి పది నిమిషాలు పెట్టి, తర్వాత రెప్పల అంచులను మెల్లగా తుడవాలి. ముఖానికి వేడి పడదని అంతసేపు చెప్పి ఇదేమిటనుకోవద్దు, గుడ్డ కళ్ళ వరకే ఉండాలి, బుగ్గల మీదికి జారనీయకూడదు. దీనికీ డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది. కంట్లో నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం మాత్రం నల్లగుడ్డు దెబ్బతింటోందనడానికి సూచన. స్కిన్ డాక్టరు అపాయింట్‌మెంట్ వచ్చే వారం ఉందని ఆగకుండా అదే రోజు కంటి ఆసుపత్రికి వెళ్ళి, తనకు రోజేషియా ఉందని అక్కడి డాక్టరుకు చెప్పాలి.